బుల్కాపూర్ కాలువకు లెక్క చెప్పేదెవరు?

మా అపార్ట్‌మెంట్ వెనక గోడ అవతల పారేదాన్ని షేక్‌పేటలో అందరూ నాలా అంటారు. మా వాచ్‌మన్ మోరీ అంటాడు. నేను మాత్రం నాలుగేళ్లుగా పట్టుబట్టి కాలువ అనే అంటున్నాను. ఆ కంపుకు అంత మర్యాద అవసరమా అని మా వారు వెక్కిరిస్తుంటారు. కానీ అది పుట్టుకతో కాలువే. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ హుస్సేన్ సాగర్ కట్టించినప్పుడు ఆ చెరువు నింపడానికి మూసీ నీళ్లను మోసుకొచ్చింది ఈ బుల్కాపూర్ కాలువే. శంకర్‌పల్లి వైపు నుంచి బయల్దేరి పుప్పాలగూడ, మణికొండ, షేక్‌పేట, టోలీచౌకీ, చింతల్‌బస్తీ మీదుగా వచ్చి ఖైరతాబాద్ దగ్గర సాగర్‌లో కలుస్తుంది. మోటారు లేదు, పైపు లేదు. నేల వాలును నమ్ముకుని అన్ని కిలోమీటర్లు నీటిని నడిపించారు. ఎక్కడైనా వాలు కాస్త తప్పితే నీరు నిలబడిపోతుంది. అప్పటి మేస్త్రీలు తప్పనివ్వలేదు.

ఆ కాలువలో ఇప్పుడు మా అందరి మురుగు పారుతోంది. దాని గురించి ఏడవడానికి ఈ పోస్టు రాయడం లేదు. ఏడుపు పోస్టులు చాలానే వచ్చాయి. నాకు కావలసింది లెక్క.

పోయిన ఏడాది మే చివర్లో ఒక పొద్దున కాలువలోకి పొక్లెయిన్ దిగింది. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. బకెట్ లోపలికి మునిగి పైకి లేచేసరికి ముందు నల్లటి నీళ్లు కారాయి. తర్వాత సగం చిరిగిన పరుపు, కొబ్బరి చిప్పలు, అద్దం పగిలిన దేవుడి పటం, లెక్కలేనన్ని పాల కవర్లు. వీటన్నిటినీ అంటిపెట్టుకుని తారులాంటి బురద. రెండున్నర రోజులు పని జరిగింది. తీసినదంతా గట్టు మీదే కుప్పలు పోశారు. ఆరితే బరువు తగ్గుతుంది, అప్పుడు ఎత్తుతామన్నారు. అదీ సబబే, తడి పూడికను బండిలో పోస్తే దారి పొడుగునా కారుతుంది. నాలుగో రోజు ఒక టిప్పర్ వచ్చింది. ఆరో రోజు రెండు ట్రిప్పులు కొట్టారు. ఎనిమిదో రోజు రాత్రి వాన.

పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి చూస్తే కుప్పలు సగానికి కరిగి ఉన్నాయి. గట్టు మీంచి కాలువలోకి చారలు చారలుగా జారిన గుర్తులు. పరుపు మళ్లీ నీళ్లలోనే ఉంది, ఈసారి బోర్లా. అక్కడ పార పట్టుకుని నిలబడ్డ కూలీని అడిగాను, "అన్నా, మూడు ట్రిప్పులే పోయినయి కదా, మిగిలిందంతా ఏమైంది?" అని.

"మాకేం ఎరుకమ్మా. బండొస్తే ఎత్తుతం, రాకుంటే లేదు. వానొస్తే మళ్ల లోపలికే పోతది. వచ్చే ఏడు మళ్ల తీస్తం," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో వెటకారం ఏమీ లేదు. ఎండాకాలం తర్వాత వానాకాలం వస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నేను ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. మూడు ట్రిప్పులు అనే మాట చెవిన పడగానే, మరి బిల్లు ఎన్ని ట్రిప్పులకు అయిందో అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. వృత్తి జబ్బు. పూడికతీతకు బిల్లు క్యూబిక్ మీటర్లలో ఇస్తారు. తీయకముందు కాలువ అడుగు ఎంత లోతులో ఉంది, తీశాక ఎంత లోతుకు దిగింది అన్నది ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. ఎక్కడ పోశారో, ఏ బండిలో తీసుకెళ్లారో కూడా ఉండాలి. కాగితం మీద పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా ఆ పని నీళ్ల కింద జరగడంలో ఉంది. గోడ కట్టకుండా కట్టామని బిల్లు పెడితే, గోడ లేదన్న సంగతి దారిన పోయేవాడికి కూడా కనిపిస్తుంది. పూడిక తీయకుండా తీశామని రాస్తే ఎవరూ పట్టుకోలేరు. ఒక వాన పడితే చాలు, తీసినవాడూ తీయనివాడూ ఒకటే. కొన్నేళ్ల క్రితం ఈ నగరంలోనే, పూడిక మోసిన లారీలంటూ బిల్లుల్లో చూపిన నంబర్లను వెతికితే వాటిలో ఆటోలు, బైకులు కూడా ఉన్నాయని తేలింది. పేపర్లన్నీ రాశాయి. బైకు వెనక పూడిక పెట్టుకుని వెళ్లేవాణ్ని ఒక్కసారి చూడాలని ఉంది నాకు.

ఆ జూన్‌లో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నాలుగు ప్రశ్నలు. మా ముక్కలో పూడికతీతకు ఎంత మంజూరైంది? ఎంత తీసినట్టు రాశారు? ఎక్కడ పోశారు? ఈ కాలువను చూసుకోవలసిన అధికారి హోదా ఏమిటి? పేరు కూడా అడగలేదు, హోదా చాలన్నాను. మొదటి ఆఫీసు (ఏ ఆఫీసో చెప్పను, చెప్పినా తేడా పడదు) ఇది మా పరిధి కాదంటూ 6(3) సెక్షన్ కింద రెండో ఆఫీసుకు పంపింది. రెండోది మూడోదానికి. మూడోది నాలుగోదానికి. పంపిన ప్రతివాళ్లూ నాకొక కాపీ వేశారు, ఆ మర్యాదకు లోటు లేదు. ఐదో నెలలో నాలుగో ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం విప్పి చూస్తే, నా దరఖాస్తును మొదటి ఆఫీసుకే బదిలీ చేశారు. నాలుగు ఉత్తరాలనూ డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టి మా వారిని పిలిచి చూపించాను. "దీన్నే కదా నువ్వు రింగు రోడ్డు అంటావు," అన్నారాయన.

ఆ ఉద్యోగులను మాత్రమే తిట్టి లాభం లేదు. ఈ కాలువను అసలు ఎన్ని ముక్కలుగా పంచారో చూడండి. వాన నీరు, పూడిక కార్పొరేషన్ కిందికి వస్తాయి. మురుగు 1989లో పుట్టిన జలమండలిది. చెరువులు, వాటికి నీళ్లు తెచ్చే కాలువల వ్యవహారం నీటిపారుదల శాఖది. నేల ఎవరిదో చెప్పే రికార్డు రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటుంది. కాలువ వెళ్లి కలిసే సాగర్‌ను హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) చూస్తుంది. ఒడ్డు మీద ఆక్రమణల సంగతి 2024 జూలై నుంచి హైడ్రా చూస్తోంది. అంటే కాలువలో నీళ్లొకరివి, నీళ్లలో మురికి ఇంకొకరిది, అడుగు ఒకరిది, ఒడ్డు మరొకరిది. ఒంట్లో బాగాలేదని ఆస్పత్రికి వెళ్తే, దగ్గు మా వార్డు కాదు, జ్వరం మాత్రం చూస్తాం అన్నట్టు ఉంటుంది.

ఇక్కడ మా నాయన ఊరి కథ చెప్పాలి.

మా నాయనది కడప జిల్లాలో పోరుమామిళ్ల దగ్గర ఒక పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి యాభై ఏళ్లు దాటినా, చెరువు అనగానే ఆయనకు గుర్తొచ్చేది పోరుమామిళ్ల చెరువే. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడ దాని శాసనం ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. చూశారా, బండ్ల లెక్క! ఆరున్నర వందల ఏళ్ల కిందటి రాతిలో ఎన్ని బండ్లు తిరిగాయో ఉంది. మా వెనక గోడ దగ్గర పోయిన మేలో ఎన్ని తిరిగాయో నాకు చెప్పే కాగితం లేదు.

ఆ శాసనంలో నన్ను పట్టుకున్న మాట ఇంకొకటి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని చెప్పి, ఉండకూడని దోషాలు ఆరు రాశారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట, ఎక్కువ నేలకు తక్కువ నీరు, తక్కువ నేలకు ఎక్కువ నీరు. ఇవన్నీ ఏ ఇంజినీరైనా చెప్పేవే. మిగిలిన ఒక్కటి వేరే రకం. చెరువు రెండు రాజ్యాల ఎల్లలో ఉండటం దోషమట. మట్టికి, నీటికి సంబంధించిన తప్పుల వరసలోనే ఈ పాలన తప్పునూ చేర్చారు. కట్ట ఎంత గట్టిదైనా, దాన్ని ఇద్దరు చూసుకోవాలంటే ఇద్దరూ చూడరని ఆ రాసినవాళ్లకు అప్పటికే అనుభవమై ఉంటుంది. రెండు రాజ్యాలంటేనే దోషమైతే, ఆరు ఆఫీసుల ఎల్లలో పారే మా కాలువను చూసి వాళ్లు ఏమనేవారో.

చెరువు కట్టేవాడు ఒకడు, కానీ దాన్ని తరాల పాటు ఎవరు చూసుకోవాలి? ఆ ఖర్చు ఎక్కడి నుంచి రావాలి? దీనికి మన వైపు ఒక ఏర్పాటు ఉండేది. దశబంధం. మాటకు అర్థం పదో వంతు. చెరువో కాలువో కట్టి, దాన్ని బాగుచేస్తూ ఉండేవాడికి ఆ నీటితో పండే పొలంలోనో, వచ్చే శిస్తులోనో కొంత భాగం ఇనాంగా రాసిచ్చేవారు. పేరు పదో వంతే అయినా ఊరిని బట్టి అటూ ఇటూ ఉండేది. ఇందులో నాకు నచ్చినది ఆ వాటా ఎంత అన్నది కాదు. ఇంగ్లీషువాళ్ల పాలనలో కూడా ఈ ఇనాంలు చాలాచోట్ల కొనసాగాయి, ఒక షరతుతో. మరమ్మతు మానేస్తే ఇనాం వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరి చేతికి వస్తుందో, పని చేయకపోతే ఏమవుతుందో ఒక్క ఏర్పాటులోనే ఉన్నాయి. నీళ్లు పారకపోతే పంట లేదు, పంట లేకపోతే అతని వాటా కూడా లేదు. తూములు చూసుకునే నీరుగంటి సంగతి కూడా అంతే. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరడి. ఏ రాత్రి ఏ మడికి నీళ్లు అందకపోయినా ఎవరింటి తలుపు కొట్టాలో ఊరందరికీ తెలుసు.

అయ్యో, ఆ బంగారు రోజులు అని మాత్రం నేను అనను. దశబంధం ఇనాందారు ఎవరో, మోకాళ్ల లోతు బురదలో దిగి పూడిక ఎత్తినవాళ్లు ఎవరో మనకు తెలియనిది కాదు. ఆ ఎత్తినవాళ్లలో చాలామందికి కూలి కూడా లేదు. చెరువు పనులకు జనాన్ని బలవంతంగా పిలిపించడానికి మద్రాసు రాష్ట్రం కోసం 1858లో ఏకంగా చట్టమే వచ్చింది. 1950లలో ఇనాంలు రద్దయ్యాయి, రద్దు కావలసిందే. కానీ రద్దు చేసినప్పుడు ఇనాంతో పాటు ఆ షరతును కూడా చెత్తబుట్టలో వేశాం. వాటా ప్రభుత్వానికి పోయింది, బాధ్యత ఎటు పోయిందో తెలియదు.

మా నాయన ఊరికి దగ్గర్లోనే దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. కర్నూలు–కడప కాలువ, కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి మూడు వందల కిలోమీటర్లు పారుతుంది. 1860లలో దాన్ని తవ్వింది ప్రభుత్వం కాదు, లండన్‌లో వాటాలు అమ్ముకున్న మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ప్రభుత్వం నూటికి ఐదు వడ్డీ గ్యారంటీ ఇచ్చింది. నీళ్లు పారినా, పారకపోయినా, రైతు నీటి పన్ను కట్టినా, కట్టకపోయినా వాటాదారుకు ఐదు శాతం వస్తుంది. మరి కాలువ గురించి అతనికి బెంగ ఎందుకు? కంపెనీ లెక్కలు ఎప్పటికీ కుదురుకోలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. రాయలసీమ రైతు ఎన్నడూ చూడని లండన్ పెద్దమనిషికి మన పన్నుల్లోంచి వడ్డీ కట్టి, పైగా కాలువకు ధర కూడా కట్టాం. మా కాలువ గట్టున టిప్పర్లను లెక్కపెడుతుంటే నాకు ఈ కంపెనీయే గుర్తొచ్చింది. పూడిక పోయినా, గట్టు మీదే ఉన్నా బిల్లు పాసయితే, అది కూడా ఒక రకం గ్యారంటీ వడ్డీయే కదా.

మా నాయన ఒక ఇంజినీరింగ్ శాఖలో అకౌంట్స్ క్లర్కుగా రిటైరయ్యారు. డబ్బు లేదు అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మంట. "డబ్బు లేక కాదు పాపా. కొత్తపని ఫైలుకు కాళ్లొస్తాయి. మరమ్మతు ఫైలు పడ్నచోటే పడుంటాది," అంటారు. ఆయన సర్వీసంతా బడ్జెట్ ప్లాన్, నాన్‌ప్లాన్ అని రెండుగా ఉండేది. కొత్త కట్టడాలు ప్లాన్. ఉన్నవాటి నిర్వహణ చాలావరకు నాన్‌ప్లాన్, జీతాలు, కరెంటు బిల్లులతో కలిపి. ప్లాన్ ఖర్చు పెరిగితే అభివృద్ధి, నాన్‌ప్లాన్ పెరిగితే దుబారా అన్న లెక్క. పొదుపు అంటూ సర్క్యులర్ వస్తే జీతం కోయలేరు, కరెంటు కోయలేరు, ఇక మిగిలింది మరమ్మతే. 2017–18 నుంచి ఆ విభజన తీసేశారు. పేరు పోయింది గానీ అలవాటు పోలేదు. అప్పు ఇచ్చేవాళ్లదీ అదే తీరు. హుస్సేన్ సాగర్ శుద్ధికి 2006లో జపాన్ అప్పు తెచ్చుకున్నాం, అలాంటి అప్పులు కట్టడానికి దొరుకుతాయి, ఏటా కడగడానికి దొరకవు.

దాని ఫలితం ప్రతి పెద్ద వానకూ చూస్తున్నాం. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద గురించి హైదరాబాదులో అందరికీ తెలుసు. కానీ ఆ తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నది ఒక్కదాన్నే చూసి ఊరుకోలేదు. పైనున్న పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని లెక్క రాశారు. నగరం మీద పడింది వాన మాత్రమే కాదు, తెగిన చెరువుల నీళ్లు కూడా. 2000 ఆగస్టులో మా అమ్మవాళ్ల నల్లకుంట ఇంట్లోకి సాగర్ మిగులు నాలా నీళ్లు వచ్చాయి. గ్యాస్ సిలిండర్ హాల్లో తేలుతుంటే మా నాయన దాన్ని కాలితో ఆపుతూ నిలబడ్డారు. 2020 అక్టోబరులో మళ్లీ నగరం మునిగింది. ఆ మరుసటి ఏడు నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం పెట్టి, మొదటి విడతకే దాదాపు వెయ్యి కోట్లతో పనులు మొదలుపెట్టారు. బాక్స్ డ్రెయిన్లు, రిటైనింగ్ గోడలు. కొన్నిచోట్ల నిజంగానే మేలు జరిగింది, కాదనను. కానీ తెరిచిన కాలువకు కాంక్రీటు మూత పడితే లోపల ఎంత పూడిక ఉందో నా బాల్కనీ నుంచి కూడా కనిపించదు. ఆ పెట్టెను ఏటా శుభ్రం చేయడానికి డబ్బు ఎంత, ఎవరి దగ్గర అన్నది శంకుస్థాపన రోజున ఎవరూ చెప్పరు. శిలాఫలకం మీద పది పేర్లు ఉంటాయి. అందులో ఒక్కటి కూడా దాన్ని కడిగేవాడిది కాదు.

సరే, మరి మనం కట్టడం లేదా? నల్లకుంట ఇంటి పాత పన్ను నోటీసులు నాయన ఫైలులో ఉన్నాయి. ఇంటి పన్ను అని మనం అనేది నిజానికి కొన్ని పన్నుల మూట: జనరల్ ట్యాక్స్, కన్సర్వెన్సీ ట్యాక్స్, లైటింగ్ ట్యాక్స్, డ్రైనేజీ ట్యాక్స్, పైన గ్రంథాలయ సెస్సు. డ్రైనేజీకి విడిగా ఒక గడి, ఒక అంకె. ఇక నెలనెలా నీళ్ల బిల్లులో సీవరేజీ సెస్సు వేరే. మురుగు కోసం రెండు చోట్ల కడుతున్నాం. కట్టేటప్పుడు వేరే వేరే గడులు, ఖర్చు పెట్టేటప్పుడు అంతా ఒకే గంగాళం. 2024–25లో నగరంలో ఆస్తి పన్ను వసూళ్లు రెండు వేల కోట్లు దాటాయి. అందులో డ్రైనేజీ పేరుతో వచ్చింది డ్రైనేజీకే పోయిందా అని ఒక మామూలు ఇల్లాలు చూసుకోగల కాగితం ఒక్కటి ఇవ్వండి చాలు.

(పక్కమాట. ప్రభుత్వానికి నాలా పేరు మీద డబ్బు రావడం లేదనుకోకండి, బ్రహ్మాండంగా వస్తోంది. కాకపోతే అది వేరే నాలా. సాగు భూమిని ప్లాట్లుగా మార్చడానికి కట్టే నాలా (ఇంగ్లీషులో నాన్ అగ్రికల్చరల్ ల్యాండ్ అసెస్‌మెంట్) కన్వర్షన్ ఫీజు. మొదటి రకం నాలా పక్కన పొలాలన్నిటికీ రెండో రకం నాలా కట్టించుకుని, మొదటి నాలాను మురికి గుంటగా మార్చాం. తెలుగులో శ్లేష అంటే ఇదే.)

ఇంతవరకూ రాసి ఇక్కడ ఆపేస్తే నేను అబద్ధం చెప్పినట్టే. రెండేళ్ల క్రితం మా అపార్ట్‌మెంట్ సంపు కడిగించడానికి వచ్చిన ప్లంబర్, వెనక గోడ కింద ఒక ఆరంగుళాల పైపు చూపించాడు. మా ఇరవై ఫ్లాట్ల మురుగు మెయిన్ లైన్‌కు వెళ్తోందని అందరం నమ్మాం. సగం ఫ్లాట్ల మురుగు తిన్నగా కాలువలోకి పోతోంది. బిల్డర్ పని. సీవరేజీ సెస్సు కడుతూనే కాలువలోకి వదులుతున్నాం, అదీ మా సంగతి. అప్పుడు అసోసియేషన్ ట్రెజరర్‌ని నేనే. పైపు మళ్లించడానికి 3 లక్షల 80 వేలు అవుతుందన్నారు, ఫ్లాటుకు 19 వేలు. మీటింగులో పెట్టాను. "అందరూ వదుల్తున్నారు కదండీ, మనం ఒక్కళ్లం ఆపితే ఏమవుతుంది," అన్నారు మూడో ఫ్లోర్ అంకుల్. "ఏదో ఒకరోజు ప్రభుత్వమే బాక్స్ డ్రెయిన్ వేస్తుంది, అప్పటిదాకా ఆగుదాం," అన్నారు ఇంకొకరు. అదే మీటింగులో బయటి గోడల పెయింటింగ్‌కు ఫ్లాటుకు 22 వేలు పది నిమిషాల్లో పాసైంది. అంటే ప్లాన్, నాన్‌ప్లాన్ సెక్రటేరియట్‌లోనే కాదు, మా సెల్లార్‌లో కూడా ఉంది. నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. రాజీపడి మినిట్స్‌లో "వాయిదా" అని నా చేత్తోనే రాశాను.

అందుకని జనం మారాలి అని తేల్చేద్దామా? నాకు ఆ వాదన అస్సలు నచ్చదు. జనం చెత్త వేస్తారు, నిజమే. కానీ జనం చెత్త వేయడం మూడు ట్రిప్పులకు ఎన్ని ట్రిప్పుల బిల్లు అయిందన్న ప్రశ్నకు జవాబు కాదు. రెండు తప్పులూ ఉన్నాయి, రెండింటికీ వేర్వేరు పద్దులు రాయాలి.

మా పిన్ని కొడుకు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. వాడు సాయంత్రం కాలువ గట్టున నడుస్తూ వీడియో కాల్ చేస్తాడు, నేను వాడి ముఖం కాకుండా వెనక గట్టు చూస్తుంటాను. అక్కడ ఇంగ్లండు, వేల్స్‌లలో దాదాపు రెండు వేల మైళ్ల పాత కాలువలను 2012 నుంచి ఒకే ట్రస్టు చూసుకుంటోంది. పడవలవాళ్ల లైసెన్సు ఫీజులు, ఆస్తుల మీద అద్దెలు, పైన ప్రభుత్వం పదిహేనేళ్లకు ఒప్పందం మీద ఇచ్చే గ్రాంటు. 2027 తర్వాత ఆ గ్రాంటు ఏటేటా తగ్గిస్తామని 2023లో ప్రభుత్వం చెప్పేసరికి పెద్ద గొడవైంది. వాళ్ల కాలువలు మనకన్నా బాగున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు, వాళ్లకూ గట్లు తెగుతున్నాయి. వాళ్లకు పోట్లాడటానికి ఒక అంకె ఉంది, ఒక సంస్థ ఉంది, ఒక తేదీ ఉంది. తగ్గిస్తే తగ్గించారని తెలుస్తుంది. మన దగ్గర తగ్గిందో పెరిగిందో తెలియాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి.

అలాంటి ప్రయత్నం మనమూ ఒకసారి చేశాం. ఉమ్మడి రాష్ట్రంలో 1997 చట్టంతో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టి, నీటి పన్నులో వాటా వాటికే ఇచ్చి కాలువల నిర్వహణ అప్పగించాలనుకున్నారు. మొదట్లో ఊపు బాగానే ఉంది, తర్వాత ఎన్నికలే జరగకుండా పోయాయి. అయినా ఆలోచన తప్పు కాదు. నగరంలో కాలువలకు అది కూడా లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. బుల్కాపూర్ కాలువకు, మొదటి నుంచి చివరి దాకా, ఒక్క ఖాతా ఉండాలి. ఎన్ని శాఖలు దిగినా సరే, ఆ కాలువ మీద పెట్టే ప్రతి రూపాయీ ఆ ఖాతాలోంచే పోవాలి. డ్రైనేజీ పన్నులో దానికి రావలసిన వాటా అందులోనే పడాలి. కల్వర్టు ఉన్న ప్రతిచోటా అడుగు లెవెల్ తెలిసేలా గోడ మీద గీతలు పెయింట్ చేయాలి. అప్పుడు పూడిక ఎంత తీశారో ఎం-బుక్ చూడక్కర్లేదు, స్కూలు పిల్లవాడు కూడా చెబుతాడు. తీసిన పూడిక కాటా వేసిన చీటీలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆ ముక్కను చూసుకునే అధికారి హోదా, ఫోన్ నంబరుతో కల్వర్టు మీద ఒక బోర్డు ఉండాలి. బిల్లులో పదో వంతు, గట్టు మీద కుప్ప లేదని చూశాకే ఇవ్వాలి. దశబంధం పాత మాటే, కాస్త తిరగేసి వాడుకుందాం.

ఇదంతా మాకు తెలిసిన ఒక ఇంజినీరు గారికి చెప్పాను. ఓపిగ్గా విని, "అమ్మా, కల్వర్టు మీద మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) హోదా, ఫోన్ నంబరు రాస్తారు. వాన పడ్డ రాత్రి వెయ్యి ఫోన్లు వస్తాయి. ఆ ఏఈ పిల్లవాడు పది లక్షలు అడిగితే పైనుంచి రెండు లక్షలు వస్తుంది. తిట్లు వాడికి, కోతలు పైవాళ్లవి. ఇదా మీ బాధ్యత?" అన్నారు. సమాధానం చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించాను, ఆయన అన్నది నిజం. నీరుగంటికి వాటా చేతికి వచ్చాకే అతన్ని నిలదీసే హక్కు ఊరికి వచ్చింది. అందుకని నా బోర్డులో రెండు లైన్లు పెంచాను. ఈ ఏడాది ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు. ఆ రెండు అంకెల మధ్య తేడాకు సంతకం పెట్టినవారి హోదా కూడా పక్కనే ఉండాలి. అప్పుడు వెయ్యి ఫోన్లు ఎటు పోవాలో అటే పోతాయి.

నా దరఖాస్తు మీద అప్పీలు ఇంకా నడుస్తోంది. ఈలోగా మళ్లీ మే వచ్చింది. వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని వాచ్‌మన్ గదిలో పెట్టాను: తేదీ, టైము, బండి నంబరు, నిండుగా వెళ్లిందా, సగమా. పోయిన ఆదివారం మీటింగులో పైపు సంగతి మళ్లీ పెట్టాను. ఇరవై ఫ్లాట్లలో పదకొండు ఒప్పుకున్నాయి, మూడో ఫ్లోర్ అంకుల్ ఇంకా ఆలోచిస్తున్నారు. పొక్లెయిన్ మొన్న దిగింది. పుస్తకంలో ఇప్పటికి రెండు నంబర్లు పడ్డాయి. రెండోది పొద్దున ఐదున్నరకే వచ్చిందట. పెన్ను దొరికింది గానీ చీకట్లో పుస్తకం కనపడలేదని వాచ్‌మన్ నంబరును అరచేతి మీద రాసుకుని, నేను లేచేదాకా చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు.